నలుగురి నడుమ ఏకాంతం

అల్లసాని పెద్దన పేరుతో ప్రచారంలో ఉన్న చాటుపద్యమొకటి సాహిత్యాభిమానులకు సుపరిచితం. కావ్యం రాయమని తొందరపెట్టినవారికి కవి ఇచ్చిన సమాధానమది. కృతి రచించాలంటే తనకు ఏమేమి సమకూడాలో ఆయన ఒక్కొక్కటిగా లెక్కించాడు. ఆటంకాలు లేని చోటు, కప్పురపు తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊయల మంచం కావాలన్నాడు. అంతటితో ఆగక, తప్పులు గుర్తించగల రసజ్ఞులు, తన ఊహను గ్రహించగల లేఖకులు, పాఠకులు దొరకాలన్నాడు. ఇవి రాజాశ్రయం పొందిన కవి విలాసాలని మనం నవ్వుకుంటాం. నిదానించి చూస్తే అందులో గొప్ప కార్యజ్ఞానం కనిపిస్తుంది. ఆయన మొదటి కోరిక ఏకాంతం, చివరి కోరిక సహవాసం. మనస్సుతో చేసే ఏ పనికైనా ఈ రెండూ అవసరమే. ఒకటి ఉన్నచోట రెండవది నిలవకపోవడమే చిక్కు.

ఈ చిక్కును విప్పడానికి మన కాలంలో జరుగుతున్న ప్రయత్నాలలో ఒకటి ఉమ్మడి కార్యాలయం. దీనినే కోవర్కింగ్ కార్యాలయమని వ్యవహరిస్తున్నారు. వేర్వేరు సంస్థలకు చెందినవారు, ఏ సంస్థకూ చెందక సొంతంగా పనిచేసేవారు ఒకే కప్పు కింద కూర్చొని ఎవరి పని వారు చేసుకొనే చోటు ఇది. ఒక బల్లను ఒక రోజుకు గాని, ఒక నెలకు గాని అద్దెకు తీసుకోవచ్చు. విద్యుత్తు, ఇంటర్నెట్, సమావేశ మందిరం, మంచినీళ్ళు, కాఫీ అందరికీ ఉమ్మడి. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పక్కన ఒక అకౌంటెంటు, ఆయనకు ఎదురుగా ఒక అనువాదకురాలు, ఆ మూలన కొత్తగా సంస్థను ప్రారంభించిన ఇద్దరు మిత్రులు కూర్చోవచ్చు. ఇంతమందికి ఒకేసారి ఏకాంతాన్నీ, సహవాసాన్నీ సమకూర్చే బాధ్యత ఆ గది లోపలి అమరికపై ఉంటుంది. ఆ అమరిక ఎలా ఉండాలన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం.

నలుగురూ కలిసి కూర్చొనే కార్యాలయానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో అమెరికాలోని బఫెలో నగరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి లార్కిన్ సంస్థకు ఒక భవనం నిర్మించాడు. పైకప్పు నుండి వెలుతురు దిగే విశాలమైన నడిమి హాలులో ఉద్యోగులు వరుసలుగా కూర్చొని పనిచేసేవారు. 1964లో హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచరు సంస్థ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ ‘యాక్షన్ ఆఫీస్’ అనే కొత్త అమరికను రూపొందించాడు. 1968లో దాని రెండవ రూపం వెలువడింది. అవసరాన్ని బట్టి కదిలించుకోగల అడ్డుతెరలతో ఉద్యోగికి స్వేచ్ఛనివ్వాలన్నది ఆయన ఉద్దేశం. కాని స్థలం పొదుపు చేయదలచిన సంస్థలు ఆ తెరలనే పెట్టెల వంటి ఇరుకు గదులుగా మార్చాయి. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో బ్రాడ్ న్యూబర్గ్ అనే యువకుడు, సొంతంగా పనిచేసే స్వేచ్ఛను, కార్యాలయంలో దొరికే తోడును ఒకచోట చేర్చాలని ఒక చిన్న ఉమ్మడి పనిచోటును ప్రారంభించాడు. నేటి కోవర్కింగ్ పద్ధతికి అది నాంది అయింది.

2010లో న్యూయార్క్‌లో పుట్టిన ‘వియ్‌వర్క్’ సంస్థ ఈ పద్ధతిని దేశదేశాలకు వ్యాపింపజేసింది. దీర్ఘకాలపు ఒప్పందాలతో భవనాలు అద్దెకు తీసుకొని, స్వల్పకాలపు సభ్యులకు ఇవ్వడం దాని వ్యాపారం. సభ్యులు తగ్గినా అద్దెలు తగ్గవు. ఆ భారంతో 2023 నవంబరులో ఆ సంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరి, 2024లో దాని నుండి బయటపడింది. కంటికి ఇంపైన గదులు ఎన్ని ఉన్నా, లెక్క సరిగా లేకపోతే నిలవవని ఈ ఉదంతం తెలుపుతున్నది.

పరిచయం లేనివారు ఒకే కప్పు కింద కూర్చొని మౌనంగా ఎవరి పనిలో వారు నిమగ్నులు కావడం తెలుగువారికి కొత్త కాదు. విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ నగరంలోనే పుట్టింది. పఠనమందిరంలో కూర్చున్నవారిని తలచుకోండి. పొడవైన బల్ల, కిటికీ వెలుతురు, ఎదుట మరొక పాఠకుడు. అతడు మనతో మాట్లాడడు. అయినా అతడు చదువుతున్నాడన్న స్పృహ మనల్ని కూడా చదివిస్తుంది. ఉమ్మడి కార్యాలయానికి ప్రాణమైన సూత్రం ఇదే.

తెలుగునాట ఈ ఆలోచన పెద్ద ఎత్తున రూపుదాల్చిన చోటు హైదరాబాదు. అంకుర సంస్థలకు చేయూతనిచ్చే టీ-హబ్‌ను 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో సుమారు 70 వేల చదరపు అడుగుల భవనంలో ప్రారంభించారు. 2022 జూన్‌లో రాయదుర్గంలో 5.8 లక్షల చదరపు అడుగులకు పైబడిన రెండవ భవనం ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ మొదలైంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, ఉమ్మడి కార్యాలయాలను, ఇంటికి చేరువగా ఉండే పనిచోట్లను ప్రోత్సహిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. స్త్రీలకు అవి విశేషంగా తోడ్పడతాయన్నది ఆ ఆలోచనలో ముఖ్యాంశం.

నగరాల సంగతి అలా ఉండగా, కృష్ణా జిల్లాలోని ఉయ్యూరు వంటి పట్టణానికి దీనితో ఏమి పని అన్న ప్రశ్న కలగవచ్చు. చెరకు తోటలకు, చక్కెర కర్మాగారానికి పేరుపొందిన ఈ పట్టణం విజయవాడ నుండి బందరు వెళ్ళే దారిలో ఉంది. ఇక్కడ చదువుకొన్న యువతీయువకులు ఉద్యోగాల కోసం హైదరాబాదుకో, బెంగుళూరుకో తరలిపోవడం చిరకాలంగా చూస్తున్నాం. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా రాకపోకలు స్తంభించినప్పుడు వేలాదిమంది ఉద్యోగులు సొంత ఊళ్ళకు చేరి, ఇంటినుండే పనిచేశారు. పని చేసే శక్తికి ఊరు అడ్డురాదని అప్పుడు తేలింది. ఇల్లు కార్యాలయం కాలేదని కూడా అప్పుడే తేలింది. వంటింటి చప్పుడు, టీవీ మోత, కరెంటు కోత, వచ్చిపోయే బంధువుల పలకరింపులు పనిని సాగనీయవు. ఇంటిలోని స్త్రీకి ఈ ఇబ్బంది రెట్టింపు. ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నా ఇంట్లోనే ఉన్నదన్న భావంతో ఇంటి పనులన్నీ ఆమెను పిలుస్తాయి. కాబట్టి ఊరిలోనే, ఇంటికి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒక మంచి పనిచోటు ఉండడం కొందరికి సౌకర్యమైతే, మరికొందరికి ఉద్యోగం నిలుపుకొనే మార్గం.

అయితే ఆ చోటు మంచిదని ఎలా నిర్ణయించాలి? ఇంటీరియర్ డిజైన్ అనగానే రంగుల గోడలు, వేలాడే దీపాలు, మెరిసే అద్దాలు గుర్తుకు వస్తాయి. మనం దీనిని అలంకరణ అంటున్నాం. ఈ మాట మూలం గమనించదగినది. సంస్కృతంలో ‘అలం’ అంటే చాలు, తగినది, సమర్థమైనది అని అర్థాలు. ఆ విధంగా చూస్తే అలంకరించడమంటే ఒక వస్తువును దాని పనికి తగినదిగా, చాలినదిగా చేయడం. అందం అందులోనుండి పుడుతుంది. ఈ అర్థాన్ని మనసులో ఉంచుకొని ఒక గదిని ఊహించి చూద్దాం.

ఉయ్యూరులో బందరు రోడ్డుపై ఒక దుకాణం మీది అంతస్తులో నలభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు గల హాలు ఉన్నదనుకొందాం. అంటే 1600 చదరపు అడుగులు. యజమానికి అందులో యాభై బల్లలు ఇరికించాలని అనిపిస్తుంది. ముప్పైతో ఆగితే మనిషికి యాభై మూడు చదరపు అడుగులు వస్తుంది. నడవలు, మరుగుదొడ్లు, సమావేశపు గది అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. ఎన్ని బల్లలన్న ఈ మొదటి నిర్ణయమే తక్కిన వాటినన్నింటినీ శాసిస్తుంది.

బల్లల సంఖ్య తేలిన తరువాత వాటిని ఎక్కడ వేయాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి మన పాత మండువా లోగిలి చక్కని సమాధానం చెబుతుంది. ఆ ఇంటిలో వీధి అరుగు దారినపోయేవారందరిదీ. చావడి పరిచయస్థులది. మండువా ఇంటివారిది. లోపలి గది ఒక్కొక్కరి సొంతం. వీధి నుండి లోనికి పోయేకొద్దీ సందడి తగ్గి, గోప్యత పెరుగుతుంది. ఉమ్మడి కార్యాలయంలోనూ ఇదే క్రమం పాటించాలి. రోడ్డు వైపు, మెట్ల దగ్గర, వచ్చినవారు కూర్చొనే చోటు, కాఫీ యంత్రం, మాటల బల్ల ఉండాలి. అది అరుగు. దాని వెనుక సమావేశపు గది, ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే బల్లలు ఉండాలి. అది చావడి. రోడ్డుకు దూరంగా, అన్నిటికన్నా లోపల, మౌనంగా పనిచేసేవారి బల్లలు ఉండాలి. కాఫీకి వెళ్ళేవారు మౌనమందిరం గుండా నడవవలసి వస్తే ఎంత ఖర్చు పెట్టి కట్టినా ఆ అమరిక విఫలమైనట్లే.

ఉమ్మడి కార్యాలయానికి ప్రధాన శత్రువు శబ్దం. అయితే ఫ్యాను హోరు, వాన చప్పుడు మన పనిని అంతగా చెడగొట్టవు. పక్కవారి మాటలు చెడగొడతాయి. చెవికి అర్థమయ్యే మాట వినబడగానే మనస్సు దాని వెంట పోతుంది. అడ్డుగోడలు తీసివేస్తే మనుషులు దగ్గరవుతారని చాలాకాలం నమ్మారు. 2018లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు రెండు పెద్ద సంస్థలను పరిశీలించి ప్రకటించిన ఫలితం దీనికి విరుద్ధంగా ఉంది. ఆ సంస్థలు గోడలు లేని కార్యాలయాలకు మారిన తరువాత ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గింది. ఈమెయిళ్ళు, సందేశాలు పెరిగాయి. దాక్కోవడానికి గోడ లేనప్పుడు మనిషి మౌనంలో దాక్కుంటాడు. ఏకాంతం లభించినవాడే మనస్ఫూర్తిగా నలుగురిలోకి వస్తాడని దీనినుండి మనం గ్రహించవచ్చు.

శబ్దాన్ని అదుపుచేసే మార్గాలు రెండు. ఒకటి పీల్చుకోవడం, రెండవది అడ్డుకోవడం. మెత్తగా, మందంగా, లోపల గాలి దూరే సందులతో ఉన్న పదార్థాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. బరువైన ఇటుక గోడ, బిగుతుగా మూసుకొనే తలుపు అడ్డుకుంటాయి. అద్దం, గ్రానైటు, నున్నటి పలకలు శబ్దాన్ని తిరగగొట్టి గదిని మారుమోగిస్తాయి. బందరుకు చేరువలో పెడన ఉంది. అక్కడి కలంకారీ వస్త్రాన్ని గోడకు బిగిస్తే అందం వస్తుంది కాని, పలుచని గుడ్డ మాత్రమే శబ్దాన్ని ఆపలేదు. దాని వెనుక చట్రంలో రెండు అంగుళాల మందం గల మెత్తని పొరను అమర్చితే అదే వస్త్రం గోడకు అలంకారమూ, గదికి నిశ్శబ్దమూ అవుతుంది. ‘అలం’ అన్న మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఫోనులో మాట్లాడవలసినవారి సంగతి వేరు. రూపకాలలో జనాంతికం అనే పద్ధతి ఉంది. రంగస్థలంపై పలువురు ఉండగా, ఒక పాత్ర త్రిపతాక హస్తాన్ని అడ్డుపెట్టి మరొక పాత్రతో మాట్లాడితే, ఆ మాట తక్కినవారికి వినబడలేదని ప్రేక్షకులు అంగీకరిస్తారు. నిజజీవితంలో చేయి అడ్డుపెడితే చాలదు. అందుకే ఒకరు కూర్చొని మాట్లాడుకొనే చిన్న గదులు కనీసం రెండైనా ఉండాలి. వాటి గోడలకు లోపల మెత్తని పొర, పైన గాలి మార్చే చిన్న ఫ్యాను, లోపల మనిషి ఉన్నట్లు బయటికి తెలిసేటట్లు తలుపులో అద్దపు పలక ఉండాలి.

ఇక వెలుతురు, వేడిమి. కార్యాలయంలో చదువుకు, రాతకు 300 నుండి 500 లక్సుల వెలుతురు సాధారణంగా సరిపోతుంది. కిటికీ కంప్యూటరు తెరకు ఎదురుగా ఉంటే తెరపై ప్రతిబింబం పడుతుంది. తెర వెనుక ఉంటే కళ్ళు జిగేలుమంటాయి. కాబట్టి కిటికీ పనిచేసేవారి పక్కన ఉండాలి. ఉత్తరపు కిటికీ వెలుతురు నిలకడగా ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. మన ప్రాంతం సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందువల్ల, మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల ఉత్తరపు కిటికీకి కూడా ఇక్కడ చిన్న నీడ పలక అవసరం. పడమటి గోడ సాయంకాలపు ఎండను తాగి, రాత్రి దాకా వేడి కక్కుతుంది. అటువైపు బల్లలు వేయకుండా సామానుల గది, మెట్లు, మరుగుదొడ్లు ఉంచడం వివేకం. చలిదేశాలలో ఎండను లోనికి రప్పించడానికి కట్టిన అద్దాల గోడను వేసవిలో నిప్పులు చెరిగే కృష్ణా డెల్టాలో అనుకరిస్తే, ఆ తప్పుకు ప్రతి నెలా విద్యుత్ బిల్లు రూపంలో జరిమానా చెల్లించవలసి వస్తుంది.

ఏసీ పెట్టగానే గాలి సమస్య తీరిందనుకోవడం పొరపాటు. సాధారణమైన స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరచి తిప్పుతుంది. బయటి గాలిని తీసుకురాదు. ముప్పైమంది తలుపులు మూసుకొని కూర్చుంటే వారు విడిచిన బొగ్గుపులుసు వాయువు గదిలో పేరుకొని, మధ్యాహ్నానికి మత్తు, తలనొప్పి కలుగుతాయి. దానికి భోజనాన్ని నిందిస్తాం. తాజా గాలిని తెచ్చే ఫ్యాను, పాత గాలిని పంపే ఫ్యాను రెండూ ఉండాలి. 2020 జనవరి నుండి మన దేశంలో స్టార్ గుర్తు గల గది ఏసీలు 24 డిగ్రీల వద్దనే మొదలయ్యేటట్లు నియమం ఉంది. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆ చల్లదనం హాయిగా సరిపోతుంది.

డెల్టా గాలిలోని తేమ మరొక ముఖ్య విషయం. చవక రకం చెక్కపొడి పలకలు రెండు వానాకాలాలకు ఉబ్బి, అంచులు విచ్చుకుంటాయి. నీటిని తట్టుకొనే ప్లైవుడ్, లోహపు కాళ్ళు, చెదలు పట్టకుండా ముందుగానే చేయించిన మందు పూత ఇక్కడ తప్పనిసరి. కుర్చీ ఎత్తు మార్చుకొనేటట్లు ఉండాలి. కూర్చున్నవారి పాదాలు నేలపై ఆనాలి, మోచేతులు బల్ల ఎత్తులో ఉండాలి, తెర పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు కలిసే ఉంటాయి కాబట్టి ఒకటి సరైతే మరొకటి తప్పుతుంది. తెరను ఎత్తే చిన్న పీట, విడి కీబోర్డు ఉంటే మెడనొప్పి తప్పుతుంది. రోజుకు ఎనిమిది గంటలు శరీరాన్ని మోసే కుర్చీకి మొదట, చూపులకు మాత్రమే ఉపయోగపడే వస్తువులకు చివర డబ్బు కేటాయించాలి. కరెంటు పోయినప్పుడు ఆదుకొనే యూపీఎస్, రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ లైన్లు కంటికి కనబడవు. అయినా చిన్న పట్టణంలో సభ్యులను నిలిపేవి అవే.

చివరిగా, ఈ గది ఎవరిది అని ప్రశ్నించుకోవాలి. మెట్లు మాత్రమే ఉన్న భవనం చక్రాల కుర్చీలో వచ్చేవారిని గుమ్మం దగ్గరే తిప్పి పంపుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున్న వాలు దారి, మీది అంతస్తైతే లిఫ్టు ఉండాలి. స్త్రీలకు ప్రత్యేకమైన, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి ఎనిమిది గంటలకు దిగివచ్చేటప్పుడు మెట్ల మీద, వీధి వరకు వెలుగుండే దీపాలు ఉండాలి. ఈ రెండు లేకపోతే తక్కిన అలంకరణ ఎంత గొప్పదైనా, ఎవరి కోసం ఆ చోటు ముఖ్యంగా కావలసిందో వారే అందులో కనబడరు.

పెద్దన పేరుతో ఉన్న ఆ కోరికల జాబితాను మరొకసారి తలచుకొందాం. ఆటంకాలు లేని చోటు మౌనమందిరంగా మారింది. ఊయల మంచం ఎత్తు మార్చుకొనే కుర్చీ అయింది. తాంబూలం స్థానంలోకి కాఫీ వచ్చింది. తప్పు చూపగల రసజ్ఞుడు ఎదుటి బల్ల దగ్గర కూర్చొని ఉన్నాడు. ఆనాడు అవి ఒక్క కవికి, రాజు దయవల్ల లభించాయి. నేడు నెలకొక అద్దె చెల్లించగల ఏ యువతికైనా, యువకునికైనా లభించే అవకాశం ఏర్పడింది. ఉయ్యూరులో పుట్టినవారు ఉయ్యూరులోనే కూర్చొని దేశాంతరాలకు పనిచేసి, పొద్దుగూకే వేళకు నడిచి ఇల్లు చేరగలరా లేదా అన్నది నైపుణ్యం మీద ఎంత ఆధారపడి ఉందో, ఒక గది అమరిక మీద కూడా అంతే ఆధారపడి ఉంది. పక్కవారి పనిని గౌరవించి గొంతు తగ్గించుకోవడం సంస్కారం. ఆ సంస్కారం సులభంగా అలవడేటట్లు గదిని తీర్చిదిద్దడమే సరైన అలంకరణ.